పార్కు స్థలం ట్రస్టుకు లీజుకివ్వచ్చా? ఒక మున్సిపాలిటీ కేస్ స్టడీ

మున్సిపాలిటీలకు, స్వచ్ఛంద సంస్థలకు స్థలాల వ్యవహారాల్లో సలహా ఇవ్వడం నా పని. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో చెడ్డవాళ్లంటూ ఎవరూ లేరు. అడిగిన ట్రస్టు మంచిది, ఇద్దామనుకున్న కౌన్సిల్ ఉద్దేశమూ మంచిదే, వద్దన్న కాలనీవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఇలాంటి చోటే ఫైలు ఎక్కువగా చిక్కుపడుతుంది, ఎందుకంటే ప్రతివాళ్లూ "మనం మంచి పనే కదా చేస్తున్నాం" అనే ధైర్యంతో అసలు చూడాల్సిన కాగితం చూడరు. ఊరు, మనుషులు, సంస్థ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

జిల్లా కేంద్రం కాని ఒక మోస్తరు పట్టణం. అక్కడ ఒక ట్రస్టు చాలా ఏళ్లుగా కుటుంబాల కోసం పనిచేస్తోంది. భార్యాభర్తల గొడవల్లో కౌన్సెలింగ్, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లకు న్యాయ సలహా, కూలికెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకోవడం, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు మధ్యాహ్నం భోజనం. 2005 గృహహింస చట్టం 10వ సెక్షన్ కింద, బాధిత మహిళలకు సాయమందించే సర్వీస్ ప్రొవైడర్‌గా రిజిస్టరైన సంస్థ కూడా.

సఖి కేంద్రాలు ఉన్నాయి కదా, మళ్లీ ఈ ట్రస్టు ఎందుకు అని కౌన్సిల్లోనే ఒకరు అడిగారు. 2015 నుంచి మొదలైన సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్దిరోజుల వసతి ఒకే చోట దొరుకుతాయి, అది చాలా మంచి ఏర్పాటు. కానీ ఆ జిల్లాకు ఉన్నది ఒక్కటే, అది జిల్లా కేంద్రంలో ఉంది. చంటిబిడ్డను చంకనేసుకుని రెండు బస్సులు మారి, అక్కడ పని చూసుకుని, ఇంట్లో ఎవరూ అడగకముందే తిరిగి రావడం ఎంతమంది వల్ల అవుతుంది? మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలన్నా ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చోటు ఉండడమే ఈ పనికి ప్రాణం.

ట్రస్టు అద్దె ఇంట్లో నడుస్తోంది. ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టి ఖాళీ చేయమన్నారు. వేరే ఇళ్లు చూశారు, అడ్వాన్సు దాకా వచ్చి వెనక్కి పోయినవే ఎక్కువ. "పోలీసులు వస్తూపోతూ ఉంటారంట కదా, మొగుళ్లొచ్చి గేటు దగ్గర అరుస్తారంట కదా" అని. ఇదే సమయంలో ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక సేవకు పెట్టే డబ్బు) కింద సొంత బిల్డింగ్ కట్టిస్తామంది, కాకపోతే స్థలం మీద కనీసం ముప్పై ఏళ్ల హక్కు చూపించాలని షరతు పెట్టింది.

సమస్య ఎక్కడ మొదలైంది

ఊళ్లో పాత లేఅవుట్ కాలనీలో ఎకరం పైచిలుకు పార్కు ఉంది. సగంలో నడిచే బాట, రెండు ఉయ్యాలలు, సిమెంటు బెంచీలు. మిగతా సగం పిచ్చి తుమ్మలు, పగిలిన కమోడ్లు, ఎవరో తెచ్చి పోసిన ఇంటి కూల్చివేత మట్టి. వార్డు కౌన్సిలరుకు ఈ రెండో సగం ఖాళీ స్థలంలా కనిపించింది. ఆరువందల గజాలు, ముప్పై ఏళ్లు, ఏడాదికి రూపాయి అద్దె అని ఎజెండాలో పెట్టించారు, ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు, తీర్మానం పాసైంది.

కాలనీ సంక్షేమ సంఘం లాయర్ నోటీసు పంపింది. హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తామన్నారు. సంఘం అధ్యక్షులు రిటైర్డ్ టీచరు, ఊళ్లో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ట్రస్టువాళ్లు బాగా బాధపడ్డారు, "ఆడవాళ్ల కష్టం కంటే వీళ్లకు పొద్దున వాకింగ్ ఎక్కువైందా" అన్నారు. కాలనీలో మరోవైపు "గొడవల ఆడవాళ్లను తెచ్చి మన పిల్లల మధ్య పెడతారా" అనేవాళ్లూ లేకపోలేదు. ఈ దశలో కమిషనర్ గారు నన్ను పిలిచారు. ట్రస్టు కూడా నేను చూస్తే చాలంది.

మొదట చూసిన కాగితం

ఇలాంటి ఫైల్లో అందరూ ముందు ట్రస్టు సేవలు, ఆడిట్ రిపోర్టులు తిరగేస్తారు. నేను ముందు అడిగింది లేఅవుట్ ప్లాన్, గిఫ్ట్ డీడ్ (స్థలం ఉచితంగా రాసిచ్చిన దస్తావేజు). ఆ స్థలం మున్సిపాలిటీకి ఎలా వచ్చిందన్నది తేలితే దాన్ని ఏం చేయొచ్చో సగం తేలిపోతుంది. మున్సిపాలిటీ కొనుక్కున్న స్థలం వేరు, ప్రభుత్వం కేటాయించింది వేరు, లేఅవుట్ వేసినవాళ్లు ఓపెన్ స్పేస్‌గా వదిలి ఉచితంగా రాసిచ్చింది వేరు. ఈ పార్కు మూడో రకం. ప్లాట్లు కొన్న ప్రతి కుటుంబం ఆ ఖాళీ స్థలం కూడా చూసుకుని ధర కట్టింది. రికార్డుల్లో మున్సిపాలిటీ పేరున్నా, అది కాలనీ తరఫున కాపలా ఉన్నట్టే.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పులు కొత్తేం కాదు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసు అందరికన్నా ముందు చదవాలి. అక్కడా స్థలం లేఅవుట్ పార్కే, అడిగిందీ ఒక ట్రస్టే, ఆస్పత్రి కట్టడానికే. ముఖ్యమంత్రి ఆదేశంతో బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ కేటాయించింది, కాలనీవాళ్లు హైకోర్టుకెళ్లారు, చివరకు సుప్రీంకోర్టు కూడా ఆ కేటాయింపు చెల్లదంది. ఆస్పత్రి కూడా ప్రజలకే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. 1995లో ఢిల్లీలో పార్కు స్థలంలో నర్సరీ స్కూలుకిచ్చిన కేటాయింపూ అలాగే రద్దయింది. 1999లో లక్నో ఝండేవాలా పార్కు కింద కడుతున్న షాపింగ్ కాంప్లెక్సునైతే తీసేసి పార్కు మళ్లీ పార్కులా చేయమని ఆదేశించింది. ఆస్పత్రి, బడి, బజారు. వీటిలో మొదటి రెండూ ఎవరూ కాదనలేని మంచి పనులు. అందుకే కమిషనర్ గారితో అన్నాను: "సార్, ట్రస్టు ఎంత మంచిదన్నది ఈ ప్రశ్నకు జవాబు కాదు. పార్కు పోతుందా ఉంటుందా అన్నదే కోర్టు చూస్తుంది."

ఆ రెండో సగం ఎలాగూ తుమ్మలే కదా, పార్కుగా వాడట్లేదు కదా అని టౌన్ ప్లానింగ్ సెక్షన్లో ఒకరు అన్నారు. పార్కును బాగుచేయాల్సిన మున్సిపాలిటీయే బాగుచేయకుండా, బాగులేదు కాబట్టి ఇచ్చేస్తున్నాం అంటే ఆ మాట ఏ కోర్టులోనూ చెల్లదు, మనసుకూ నచ్చదు.

ప్రయత్నించినవి, కుదరనివి

వెంటనే "కుదరదు" అని రాసి ఫైలు మూసేయొచ్చు. కానీ అప్పుడు ట్రస్టు రోడ్డు మీద పడుతుంది. కాబట్టి ఒక్కొక్క దారీ తెరిచి చూశాం.

ముందు, లీజు పదం తీసేసి లైసెన్స్ అని రాద్దామన్నారు. లైసెన్స్ అయితే స్థలం మీద హక్కు పుట్టదు, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కాబట్టి కాలనీకి అభ్యంతరం ఉండదని వాళ్ల లెక్క. పేరును బట్టి కాదు, స్థలం ఎవరి స్వాధీనంలో ఉంటుంది, వేరేవాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపే అధికారం ఎవరిదన్న దాన్ని బట్టి అది లీజో లైసెన్సో తేలుతుందని 1959 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ప్రహరీ కట్టి, గేటుకు తాళం వేసి, ముప్పై ఏళ్లు ఒక్క సంస్థే ఉంటే అది లీజే. ఇంతకన్నా పెద్ద చిక్కు ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్లో ఉంది: లైసెన్స్ తీసుకున్నవాళ్లు దాన్ని నమ్ముకుని ఖర్చు పెట్టి శాశ్వత కట్టడం కడితే ఇక ఆ లైసెన్స్ రద్దు చేయడం కుదరదు. అంటే ఏది ధీమాగా చెప్పుకుంటున్నామో, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని, అదే బిల్డింగ్ లేచిన రోజున పోతుంది. ఒప్పందంలో దానికి విరుద్ధంగా రాసుకోవచ్చు, కానీ కోట్లు పెట్టి కట్టిన బిల్డింగ్ నుంచి పసిపిల్లల కేంద్రాన్ని ఖాళీ చేయించే కమిషనర్ ఎవరు?

తర్వాత స్థలం మార్పిడి. ఊరి చివర మున్సిపాలిటీకి వేరే స్థలం ఉంది, అక్కడ అంతకంటే పెద్ద పార్కు వేసి ఇక్కడ ఆరువందల గజాలు తీసుకుందామన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ కాలనీలోని ముసలాయన పొద్దున్నే ఊరి చివరికి నడిచి వెళ్లడు. మాస్టర్ ప్లాన్లో రంగు మారిస్తే చాలని కొందరు అనుకుంటారు, అది మారినా లేఅవుట్ మంజూరులో, గిఫ్ట్ డీడ్‌లో ఉన్న ప్రయోజనం అలాగే మిగిలి ఉంటుంది. ఈ రెండింటినీ కలగలిపి చూడడం వల్లే చాలా మున్సిపాలిటీలు కేసుల్లో ఇరుక్కుంటాయి.

ట్రస్టుకు సాయం చేసే ఒకాయన అబ్బాయి అమెరికాలో ఉంటారు, అక్కడ పార్కుల్లో స్వచ్ఛంద సంస్థల సెంటర్లు ఉంటాయి కదా అని మెసేజ్ పెట్టారు. ఉంటాయి, కానీ ఊరికే రావు. న్యూయార్క్ రాష్ట్రంలో పార్కు భూమిని వేరే పనికి మళ్లించాలంటే రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి. నగరానికి తాగునీరు శుద్ధి చేసే ప్లాంటును వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో కట్టబోతే, దానికి కూడా ఆ అనుమతి తప్పదని అక్కడి కోర్టు 2001లో తేల్చింది. తాగునీటి కంటే పెద్ద ప్రజాప్రయోజనం ఏముంటుంది చెప్పండి. ఈ సంగతి చెప్పాక ట్రస్టువాళ్లు కాస్త శాంతించారు, తమ మీద కోపంతో ఎవరూ అడ్డుపడడం లేదని వాళ్లకు అర్థమైంది.

మలుపు: వచ్చే ఆడవాళ్లను అడగడం

అప్పటిదాకా జరిగిన మాటల్లో కేంద్రానికి వచ్చేవాళ్లు ఎక్కడా లేరు. నాకు ఇది మొదటి నుంచీ గుచ్చుకుంటోంది. ట్రస్టులో పాతకాలం నుంచి ఉన్న కౌన్సెలర్ గారిని అడిగాను, వచ్చేవాళ్లకు ఏం కావాలో పేర్లు రాయకుండా తెలుసుకుని చెప్పగలరా అని. ఆవిడ మామూలు మాటల్లోనే అడిగి తెచ్చారు. ఆ సమాధానాలు మొత్తం ఆలోచననే మార్చేశాయి.

బిల్డింగ్ కొత్తదా పాతదా అన్నది ఎవరికీ పట్టలేదు. ఒక అమ్మాయి అన్నదట: "పార్కు పక్కన ఉంటే బాగుంటదమ్మా, పిల్లగాణ్ణి ఆడించడానికి పోతున్నానని ఇంట్లో చెప్పొచ్చు." దాదాపు ఇదే మాట వేరేవాళ్లూ అన్నారు. ఇంకొకావిడ బోర్డు గురించి చెప్పింది, ఇప్పుడున్న ఇంటి ముందు కౌన్సెలింగ్ అని పెద్ద అక్షరాలతో ఉందని, దాని కింద నుంచి లోపలికి వెళ్లేటప్పుడు వీధంతా తననే చూస్తున్నట్టుంటుందని. మూడో విషయం నేను అసలు ఊహించనిది: లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి వేరుగా ఉంటే బాగుండును అని. మొగుడు గేటు దగ్గర కాపు వేసినప్పుడు ఇంకో దారి లేక సాయంత్రం దాకా లోపలే కూర్చున్నవాళ్లు ఉన్నారు.

ఇవన్నీ కలిపి చూస్తే వాళ్లకు కావలసింది పార్కు భూమి కాదు. పార్కు పక్కన, రెండు దారులున్న, బోర్డు గట్టిగా అరవని నాలుగు గదులు. భూమి అడిగింది సీఎస్ఆర్ షరతు. ఆ షరతు లేకపోతే భూమి మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

పనిచేసింది

అక్కడి నుంచి వెతుకులాట మారింది. మున్సిపాలిటీ ఆస్తుల రిజిస్టరు తెప్పించాను. చాలా మున్సిపాలిటీల్లో ఈ రిజిస్టరును ఆడిట్ అప్పుడు తప్ప ఎవరూ తెరవరు, కానీ ఒక ఊరి మంచి చెడ్డలు అందులో కనిపిస్తాయి. పార్కు తూర్పు గోడకు అవతల పాత వాటర్ ట్యాంకు కాంపౌండ్ ఉంది. ట్యాంకు శిథిలమైతే కూల్చేశారు. పంపుహౌసు, ఆపరేటరు క్వార్టరు, ఒకప్పుడు నీటి బిల్లులు కట్టించుకున్న హాలు మిగిలాయి. పాత ఫర్నిచర్ పడేసి తాళం పెట్టారు. సర్వే రికార్డు చూస్తే ఇది లేఅవుట్ ఓపెన్ స్పేస్‌లో భాగం కాదు, వేరే సబ్‌డివిజన్, మున్సిపాలిటీ ముందే కొన్నది. మాస్టర్ ప్లాన్లోనూ పబ్లిక్ అవసరాల కిందే చూపించారు. ఇంజనీరింగ్ సెక్షన్ గోడలు, స్లాబు పరీక్షించి మరమ్మతులతో వాడుకోవచ్చని రాసిచ్చింది.

ఇక కంపెనీ షరతు. ట్రస్టుకు సొంతమైతేనే సీఎస్ఆర్ డబ్బు పెట్టగలమని వాళ్ల ఫైనాన్స్ వాళ్లు గట్టిగా నమ్ముతున్నారు. 2021 జనవరిలో మారిన సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం ఆ డబ్బుతో ఏర్పడే ఆస్తి రిజిస్టరైన ట్రస్టు లాంటి సంస్థల పేరునే కాదు, ప్రభుత్వ సంస్థ పేరున కూడా ఉండొచ్చు. కంపెనీ పేరున ఉండకూడదన్నదే అందులో అసలు విషయం. మున్సిపాలిటీ బిల్డింగ్‌కు మరమ్మతులు చేయించి, ఆస్తి మున్సిపాలిటీదిగానే ఉంచితే ఇబ్బంది లేదు. ఈ మాట వాళ్ల కంపెనీ సెక్రటరీకి నిబంధన చూపించి చెప్పాక ముప్పై ఏళ్ల షరతు పోయింది. బిల్డింగ్‌కని పెట్టుకున్న డబ్బులో మిగిలింది కౌన్సెలర్ల జీతాలకు మళ్లింది. నా లెక్కలో ఈ కేసులో అన్నిటికంటే మంచి మార్పు ఇదే. కొత్త బిల్డింగ్ కట్టి జీతాలకు డబ్బుల్లేక తాళం పడ్డ కేంద్రాలు చాలా చూశాను.

పాత తీర్మానం రద్దు చేసి కొత్తది పెట్టారు. వాడుకోవడానికి మూడేళ్ల అనుమతి, పనితీరు చూసి పొడిగింపు. ఎక్కువ కాలం ఎందుకు అడగలేదంటే, ఎక్కువ కాలమైతే ప్రభుత్వం దాకా వెళ్లాలి, ఈలోగా ఓనరు సామాను బయట పెట్టేస్తాడు. ఏడాది దాటిన లీజైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఇది లైసెన్సే కదా అని వదిలేయకుండా రిజిస్టరు చేయించాం, తర్వాత ఎవరూ వేలు పెట్టి చూపకుండా. వారంలో రెండు పూటలు హాలు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన మిషన్) మహిళా సంఘాల మీటింగులకు ఇవ్వాలని రాశాం. ఇది మొక్కుబడి కాదు. స్థలం ఒక్కరి స్వాధీనంలో లేదని చూపిస్తుంది, పైగా సంఘం మీటింగుకు వెళ్తున్నానని చెప్పి రావడం చాలామంది ఆడవాళ్లకు సులువు.

ఎక్కువ తర్జనభర్జన ఒక గది తాళం మీద జరిగింది. ఆస్తి మున్సిపాలిటీది కాబట్టి అన్ని తాళాలూ తమ దగ్గర ఒక జత ఉండాలన్నారు ఆఫీసువాళ్లు. కేసుల ఫైళ్లున్న గది తాళం ఇవ్వలేమంది ట్రస్టు. రెండు వైపులా సరైన మాటే. ఊళ్లో ఎవరి భార్య వచ్చిందో ఎవరి కూతురు వచ్చిందో ఆ ఫైళ్లలో ఉంటుంది, ఒక్క పేరు బయటికి పొక్కినా కేంద్రం మీద నమ్మకం మొత్తం పోతుంది. చివరకు గది తాళం ఇద్దరి దగ్గరా, లోపల ఇనుప బీరువా తాళం ట్రస్టు దగ్గరే, మున్సిపాలిటీకి నెలనెలా ఇచ్చే రిపోర్టులో సంఖ్యలు మాత్రమే, పేర్లు, చిరునామాలు ఉండకూడదని ఒప్పందంలోనే రాయించాం.

పార్కు మీద ట్రస్టుకు ఏ హక్కూ లేదని ఒక పేరా ప్రత్యేకంగా పెట్టాం. మాస్టారు గారు ఆ పేరా రెండుసార్లు చదివి, "ఇది ముందే చెప్పి ఉంటే నోటీసు పంపేవాళ్లం కాదుగా" అన్నారు. తూర్పు గోడకు చిన్న గేటు పెట్టడానికి కాలనీ సంఘమే రాతపూర్వకంగా ఒప్పుకుంది. తుమ్మలు కొట్టించి రెండో సగం చదును చేయించే పని మున్సిపాలిటీ తీసుకుంది. ఇప్పుడు పిల్లల్ని ఆ గేటులోంచి ఉయ్యాలల దగ్గరికి తీసుకెళ్తారు, కాలనీ పిల్లలతో కలిసే ఆడుకుంటారు. మెయిన్ రోడ్డు వైపు బోర్డు మీద పిల్లల సంరక్షణ, వృద్ధుల భోజనం అని మాత్రమే ఉంది. కౌన్సెలింగ్ కోసం వచ్చేవాళ్లకు ఆ సంగతి నోటిమాటగా, అంగన్‌వాడీ టీచర్ల ద్వారా, ఆశా కార్యకర్తల ద్వారా తెలుస్తుంది.

ఇలాంటి ఫైలు మీ దగ్గరికొస్తే

స్థలం ఎలా వచ్చిందో చూడకముందు ఎజెండాలో పెట్టనివ్వకండి. తీర్మానం పాసయ్యాక వెనక్కి తగ్గడం కౌన్సిలర్లకు పరువు సమస్య అవుతుంది, మాకు పోయిన కాలంలో ఎక్కువ భాగం అక్కడే పోయింది. ట్రస్టు భూమి అడిగితే, భూమి ఎవరికి కావాలని అడగండి. ఎక్కువసార్లు అది దాతకు కావాలి, సేవకు కాదు. దాతతో నేరుగా మాట్లాడండి, నిబంధన ముందు పెట్టి మాట్లాడండి. కాలనీవాళ్లు వద్దంటే స్వార్థపరులని ముద్ర వేయకండి, చిన్న ఊళ్లలో పార్కు నిలబడి ఉందంటే ఎవరో ఒకరు ఇలా నోటీసులు పంపుతూ ఉండబట్టే. అలాగే "గొడవల ఆడవాళ్లు" అనే మాట వినిపిస్తే అక్కడికక్కడే ఖండించండి. ఆ ఆడవాళ్లు ఆ కాలనీలోంచి కూడా వస్తారు, వస్తున్నారు.

ఇంకా తేలనివి ఉన్నాయి. వృద్ధుల భోజనాలు పార్కు బెంచీల మీద చేస్తే విస్తరాకులు అక్కడే పడుతున్నాయని కాలనీ ఫిర్యాదు చేసింది, ప్రస్తుతానికి హాల్లోనే పెడుతున్నారు, హాలు మీటింగుకు ఇచ్చిన పూట మాత్రం ఇరుకవుతోంది. పంపుహౌసుకు రేకులు మార్చి భోజనాల గది చేయాలని అంచనా వేయించారు. మొదటి పొడిగింపు ఇంకా రాలేదు, అప్పటికి కౌన్సిల్లో ఎవరుంటారో తెలియదు కాబట్టి గడువుకు ఆరు నెలల ముందే సమీక్ష దానంతట అదే ఎజెండాలోకి రావాలని, పొడిగించకూడదని నిర్ణయిస్తే కారణం రాతపూర్వకంగా ఇచ్చి, కేంద్రం వేరే చోటికి మారడానికి ఏడాది సమయం ఇవ్వాలని ఒప్పందంలో పెట్టాం. ఈ క్లాజును ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి ఒప్పందంలోనూ పెట్టిస్తున్నాను.